పై అంతస్తులో ఏసీ బిల్లు: కొత్తది కొనే ముందు ఒకసారి డాబా ఎక్కి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విజయవాడలో అద్దె ఇల్లు, పై అంతస్తు. 12 x 12 బెడ్‌రూమ్‌లో పదేళ్ళ నాటి 1.5 టన్నుల మామూలు (ఇన్వర్టర్ కాని) ఏసీ. రాత్రంతా, మధ్యాహ్నం మరో రెండు గంటలు వేస్తున్నారు. మే నెలలో 600 యూనిట్లు వచ్చాయి. 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మారేది) కొంటే బిల్లు సగమవుతుందని షాపులో చెప్పారు, కొనాలా? 18లో పెడితే గది తొందరగా చల్లబడి ఏసీ ఆగిపోతుంది, కరెంటు తక్కువ కాలుతుందని మీ స్నేహితుడు అంటున్నారు, నిజమేనా?

సూటిగా చెప్తాను. ఇప్పుడే కొనకండి, 18లో అసలు పెట్టకండి. ముందు పైకప్పు శ్లాబు వేడి తగ్గించండి, పడమటి కిటికీకి బయట నీడ కట్టండి, ఏసీని 26లో పెట్టి ఫ్యాన్ వేయండి, ఒక మంచి సర్వీసు చేయించండి. ఇవన్నీ కలిపి కొత్త ఏసీ ధరలో పదో వంతు కూడా కాదు. అప్పటికీ బిల్లు దిగకపోతే కొత్త ఏసీ గురించి ఆలోచిద్దాం.

నేను గుంటూరు, విజయవాడ, తెనాలి వైపు ఏసీల ఇన్‌స్టలేషన్, సర్వీసింగ్ చేస్తుంటాను. కొత్త ఏసీ అమ్ముడైతే నాకూ నాలుగు డబ్బులు వస్తాయి. అయినా పై అంతస్తు వాళ్ళు ఎవరు అడిగినా ముందు డాబా చూపించమంటాను.

బిల్లులో అసలు లెక్క

మన ఆంధ్రలో గృహ వినియోగానికి స్లాబుల పద్ధతి, అంటే వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల రేటు పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. మీ 600 యూనిట్లకు ఈ లెక్కన దాదాపు 4,500 అవుతుంది. దానిమీద ఇంధన సర్దుబాటు చార్జీలు, సుంకం వగైరా కలుస్తాయి.

సగటు చూస్తే యూనిట్ ఏడున్నర రూపాయలే అనిపిస్తుంది. కానీ మీరు తగ్గించే యూనిట్లు పై నుంచి తగ్గుతాయి, అంటే ఒక్కోటి 9.75. నెలకు 150 యూనిట్లు తగ్గితే 1,460 రూపాయల పైచిలుకు మిగులుతుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు చవక స్లాబుల్లో పోతుంటే, ఏసీ ఎప్పుడూ ఖరీదైన స్లాబులో కూర్చుంటుంది.

హైదరాబాద్ వాళ్ళు చదువుతుంటే మీకు వేరే తిరకాసు ఉంది. తెలంగాణలో నెలకు 200 దాటగానే కేటగిరీయే మారిపోతుంది. 200 యూనిట్లకు 820 రూపాయలు పడితే, 201కి 1,027 రూపాయల 70 పైసలు పడుతుంది, ఎందుకంటే మొదటి యూనిట్ నుంచే 5.10 రేటు వర్తిస్తుంది. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్ళకైతే ఆ గీత దాటడం ఇంకా గట్టిగా తగులుతుంది. కాబట్టి 190–220 మధ్య ఊగే ఇళ్ళు చివరి వారం మీటర్ మీద ఒక కన్నేసి ఉంచాలి.

ఇక మీ గదికి వేడి ఎక్కడి నుంచి వస్తోంది?

మీరే రాశారు, రాత్రి పది గంటలకు కూడా పైకప్పు కింద చెయ్యి పెడితే సెగ తగులుతోందని. మీ సమస్య మొత్తం అందులోనే ఉంది. మే నెల మధ్యాహ్నం నల్లబడిన సిమెంటు డాబా పైభాగం 60 డిగ్రీల దాకా పోతుంది. కాంక్రీటు ఆ వేడిని నెమ్మదిగా కిందికి పంపుతుంది. సూర్యుడు అస్తమించాక, సరిగ్గా మీరు పడుకునే వేళకు అది లోపలికి చేరుతుంది. మీ ఏసీ రాత్రంతా చేసే పని, పగలంతా డాబా మింగిన ఎండను బయటికి తోడిపోయడం. 5 స్టార్ పెట్టినా తోడాల్సింది అంతే, కాకపోతే కాస్త తక్కువ కరెంటుతో తోడుతుంది.

అందుకే మొదటి ఖర్చు డాబా మీద పెట్టండి. అన్నిటికంటే చవక సున్నం. డాబా శుభ్రంగా ఊడ్చి, కడిగి, ఆరాక, సున్నంలో కాస్త ఫెవికాల్ లాంటి జిగురు కలిపి రెండు కోట్లు వేయించండి. జిగురు లేకపోతే వారం తిరక్కుండా కాళ్ళకు అంటుకుని పోతుంది. మీ బెడ్‌రూమ్ పైభాగం, దాని చుట్టూ రెండు మూడు అడుగులు వేస్తే చాలు, ఇల్లంతా అక్కర్లేదు. వానలకు చాలావరకు కొట్టుకుపోతుంది, మళ్ళీ ఫిబ్రవరి చివర్లో వేయాలి. కూల్ రూఫ్ పెయింట్లు కొన్నేళ్ళు నిలుస్తాయి, ఖర్చు ఎక్కువ, దుమ్ము పడితే వాటి తెలుపూ పనిచేయదు, ఏడాదికోసారి కడగాలి. సొంత ఇల్లయితే తెల్ల టైల్ ముక్కలు పరిపించుకోవడం ఇంకా మేలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది, అంటే ఇదేమీ పాతకాలపు చిట్కా కాదు.

రెండో మార్గం నీడ. మా తాతల కాలంలో వేసవి రాగానే తాటాకు పందిరి వేసేవాళ్ళు. ఇప్పుడు నర్సరీల్లో వాడే షేడ్ నెట్ దొరుకుతుంది, 75 శాతం నీడ ఇచ్చేది తీసుకోండి. నెట్‌ను డాబాకు ఆనించి పరవకండి. మూడు నాలుగు అడుగుల ఎత్తులో, గాలి ఆడేలా కట్టాలి. ఆనిస్తే ఆ వేడి తిన్నగా శ్లాబుకే దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారాలు వస్తాయి కాబట్టి తాళ్ళు గట్టిగా కట్టండి, పక్కింటి వైర్ల మీదికి ఎగిరితే మరో తలనొప్పి.

మూడోది నీళ్ళు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.67 కరెంటు యూనిట్లకు సమానమైన వేడిని లాక్కుంటుంది. అదంతా మీ శ్లాబు నుంచే పోదు, కొంత గాలి నుంచి పోతుంది. అయినా సాయంత్రం అయిదు, ఆరు మధ్య నాలుగు బకెట్లు చల్లితే రాత్రి తేడా తెలుస్తుంది. ఒక్కసారి వరదలా పోయకుండా, ఆరిన కొద్దీ పల్చగా చల్లండి. శ్లాబులో పగుళ్ళుంటే మాత్రం ఈ పని వద్దు, నీరు దిగి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. నీటి ఎద్దడి ఉన్న చోట కూడా దీన్ని సిఫారసు చేయను.

గుంటూరులో ఒక రిటైర్డ్ టీచర్ గారి ఇల్లు గుర్తొస్తోంది. పై అంతస్తులో ఏసీ చల్లబరచట్లేదని రెండో ఏసీ పెట్టమని పిలిచారు. ఏసీ పక్కాగా పనిచేస్తోంది. డాబా నల్లగా నాచు పట్టి ఉంది. ముందు సున్నం వేయించండి, పది రోజుల తర్వాత కూడా కావాలంటే ఫోన్ చేయండి అన్నాను. ఫోన్ వచ్చింది, వాళ్ళ అమ్మాయి ఇంటి డాబాకు కూడా ఆ మేస్త్రీనే పంపమని.

కిటికీ

మీ బెడ్‌రూమ్ కిటికీ పడమటి వైపు అన్నారు. సజ్జ ఉన్నా సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి అది ఆపలేదు. 4 x 4 అడుగుల గాజు కిటికీ గుండా సాయంత్రం నాలుగింటి ఎండ లోపల పడితే, 1.5 టన్నుల ఏసీ సామర్థ్యంలో దాదాపు ఏడో వంతు దానికే సరిపోతుంది. లోపల కర్టెన్ మందంగా వేశామని అందరూ చెప్తారు. కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే గదిలోకి వచ్చినట్టు. బయట వెదురు తడిక గానీ షేడ్ నెట్ గానీ కడితే ఎండ గాజును తాకదు. ఆ తడిక మీద అప్పుడప్పుడు నీళ్ళు కొడితే వట్టివేళ్ళ తడికల హాయి వస్తుందని కొందరంటారు, అది తలుపులు తెరిచి పడుకునేవాళ్ళకు సరే. ఏసీ వేసి మూసిన గదికి బయటి నీడ ఒక్కటే చాలు.

18 సంగతి

మీ స్నేహితుడి మాట తప్పు. మామూలు ఏసీలో కంప్రెసర్‌కు ఒకటే వేగం. 18లో పెట్టినా 26లో పెట్టినా గాలి అంతే చల్లగా వస్తుంది, గది అదే వేగంతో చల్లబడుతుంది. రిమోట్ మీద అంకె, కంప్రెసర్ ఎక్కడ ఆగాలో చెబుతుంది, అంతే. మే నెలలో పై అంతస్తు గది 18కి ఎప్పటికీ రాదు కాబట్టి మీ కంప్రెసర్ తెల్లవార్లూ ఆగదు. ఇన్వర్టర్ ఏసీలో 18 పెడితే అది మెల్లగా తిరిగే అవకాశం పోయి, గరిష్ఠ వేగంలోనే ఉండిపోతుంది. అంటే అదనపు డబ్బు పోసి కొన్న సౌకర్యాన్ని మీ చేతులతో మీరే ఆపేసినట్టు.

ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా అవుతుందని బీఈఈ (స్టార్ లేబుళ్ళు ఇచ్చే కేంద్ర సంస్థ) చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలన్న నిబంధన కూడా వాళ్ళదే. నేను 26 చెప్తాను, ఫ్యాన్ మధ్యస్థ వేగంతో. ఒంటికి గాలి తగిలితే రెండు మూడు డిగ్రీలు తక్కువైనట్టే ఉంటుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారు) ఫ్యాన్ అయితే 30 ప్రాంతంలో తింటుంది. మీ ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు 1,600 వాట్లకు అటూ ఇటూ. ఏసీ వేశాం కదా అని ఫ్యాన్ ఆపి, 20లో పెట్టి, దుప్పటి కప్పుకునే ఇళ్ళు నేను చాలా చూస్తాను.

తెల్లవారుజామున నాలుగింటికి ఆగేలా టైమర్ పెట్టండి. అప్పటికి శ్లాబు చల్లబడుతుంది, మూసిన గది గంటన్నర, రెండు గంటలు చల్లగానే ఉంటుంది. పసిపిల్లలు, పెద్దవాళ్ళు, ఆరోగ్యం బాగాలేని వాళ్ళు ఉంటే మాత్రం ఈ పొదుపులు వాళ్ళ మీద ప్రయోగించకండి. వడగాలుల రోజుల్లో వాళ్ళకు ఏసీ విలాసమేమీ కాదు.

తేమ, కూలర్

రోహిణీ కార్తెలో విజయవాడ గాలి పొడిగా ఉంటుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలు ఏసీకి బదులు హాల్లో కూలర్ వేసుకుంటే బాగా పనిచేస్తుంది, కిటికీ తెరిచి పెడితేనే సుమా. తొలకరి పడ్డాక కూలర్ మూల పెట్టేయండి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల సముద్రపు తేమ వల్ల వేసవిలో కూడా దానితో పెద్ద ఉపయోగం లేదు, రాయలసీమలో, తెలంగాణలో ఎక్కువ కాలం పనిచేస్తుంది.

ఏసీ, కూలర్ ఒకే గదిలో కలిపి వేయకండి. తెనాలిలో ఒక ఇంట్లో ఇదే చూశాను. రెండూ వేస్తే డబుల్ చల్లదనం అని వాళ్ళ లెక్క. కూలర్ గాలిలోకి తేమ వదులుతుంది, ఏసీ ఆ తేమనంతా నీరుగా మార్చి పైపు ద్వారా బయటికి పంపాలి. ఆ పనికి కరెంటు కాలుతుంది. డ్రెయిన్ పైపు నుంచి నీళ్ళు ధారగా వస్తుంటే ఏసీ బాగా పనిచేస్తోందని ఇంటాయన మురిసిపోయారు కూడా. తడి బట్టలు ఏసీ గదిలో ఆరేయడం కూడా ఇలాంటిదే.

జూలై, ఆగస్టులో ఉక్కపోతే గానీ వేడి అంత ఉండదు. అప్పుడు డ్రై మోడ్ (రిమోట్‌లో తేమ తీసే సెట్టింగు) వాడి చూడండి, చాలా రాత్రులు సరిపోతుంది. తలుపు కింద సందులో వేలు దూరుతుంటే రబ్బరు పట్టీ అంటించండి. అటాచ్డ్ బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపడం మరచిపోతే అది చల్లగాలిని రాత్రంతా బయటికి లాగేస్తూనే ఉంటుంది.

సర్వీసు, గ్యాస్ గొడవ

ఫిల్టర్ వేసవిలో రెండు వారాలకోసారి మీరే కుళాయి కింద కడుక్కోండి, నీడన ఆరబెట్టి పెట్టండి. మెకానిక్ అక్కర్లేదు. సీజన్ మొదట్లో ఒకసారి ఇండోర్, ఔట్‌డోర్ కాయిల్స్ రెండూ నీళ్ళ ప్రెషర్‌తో కడిగించండి. చాలామంది ఇండోర్ మాత్రం తుడిచి వెళ్ళిపోతారు. వేడి బయటికి పోవాల్సింది ఔట్‌డోర్ నుంచే. దానికి దుమ్ము పడితే ఆంపియర్లు పెరుగుతాయి.

ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడుందో చూడండి. ఒక అపార్ట్‌మెంట్‌లో దాన్ని యుటిలిటీ బాల్కనీలో పెట్టి, పావురాలు రాకుండా చుట్టూ అట్టలు కట్టారు. అది వదిలిన వేడిగాలిని అదే మళ్ళీ పీల్చుకుంటోంది. అట్టలు తీసి వల కట్టించాను, ఇంకేమీ చేయలేదు. డాబా మీద ఎండలో ఉంటే పైన చిన్న రేకు నీడ పెట్టండి, ముందు, వెనుక మాత్రం గాలికి అడ్డు రాకూడదు. రాగి పైపుల మీద నల్ల ఫోమ్ ఎండకు పొడైపోయి ఉంటుంది, ఉడతలు కొరికేస్తాయి. రెండు పైపులకూ కొత్త ఫోమ్ వేయించి, పైన టేపు చుట్టించండి. తక్కువ ఖర్చు, ఎవరూ పట్టించుకోరు.

గ్యాస్ విషయం. "ఏడాదైంది కదండీ, గ్యాస్ తగ్గి ఉంటుంది" అని చెప్పేవాళ్ళను నమ్మకండి. గ్యాస్ పెట్రోలులా అయిపోయేది కాదు, మూసిన పైపుల్లో అదే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టి, అతికి, నైట్రోజన్‌తో ప్రెషర్ చూసి, వాక్యూమ్ పెట్టి, ఆ తర్వాతే నింపాలి. ఇవేవీ చేయకుండా నింపితే మళ్ళీ వచ్చే వేసవికి అదే ఖర్చు. మీరే చూసుకోవడానికి ఒక పద్ధతి: ఏసీ పావుగంట నడిచాక, అది పీల్చే చోట ఒకసారి, వదిలే చోట ఒకసారి మామూలు రూమ్ థర్మామీటర్ పెట్టండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే గ్యాస్‌కు చేయి పెట్టనివ్వకండి. తేడా అయిదారు డిగ్రీలకు పడిపోయి, ఔట్‌డోర్ దగ్గర సన్న పైపు మీద మంచు కడుతుంటే అప్పుడు అనుమానించండి.

అయితే కొత్త ఏసీ ఎప్పుడు?

షాపువాళ్ళు చెప్పిన "సగం" ఏసీ యూనిట్లలో నిజం కావచ్చు, మొత్తం బిల్లులో కాదు. మీ 600లో ఏసీ వాటా 350 ప్రాంతం అనుకుంటున్నాను. రోజుకు పది గంటలు, కంప్రెసర్ ముప్పావు వంతు సమయం తిరిగితే అంతే వస్తుంది. ఇన్వర్టర్ ఏసీ అందులో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తుంది.

లేబుల్ చదవడం నేర్చుకోండి. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, అది 1,600 గంటల వాడకానికి. 1.5 టన్నుల్లో 5 స్టార్‌కు 750–850, 3 స్టార్‌కు వెయ్యి ప్రాంతం చూస్తారు. స్టార్లు ఏ ఏడాదివో కూడా చూడండి. 2022 జూలైకి ముందు ఐసీర్ (ISEER, కాల్చే కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె) 4.5 ఉంటే 5 స్టార్ ఇచ్చారు, ఆ తర్వాత 5.0 కావాలన్నారు. పాత స్టాక్ డిస్కౌంట్‌లో ఇస్తున్నారంటే ఒక కారణం ఇదీ కావచ్చు. స్టార్లు పక్కన పెట్టి యూనిట్ల అంకెలు పోల్చుకోండి.

ఇక్కడ నా అభిప్రాయం షాపులకు నచ్చదు. మార్చి నుంచి అక్టోబరు దాకా రోజూ వేసేవాళ్ళకు 5 స్టార్ గిట్టుబాటు. కేవలం ఏప్రిల్, మే రాత్రుళ్ళు వేసేవాళ్ళు 500 గంటలు కూడా వాడరు. వాళ్ళకు 3 స్టార్ ఇన్వర్టర్ చాలు, ధరలో తేడా తిరిగి రావడానికి ఏసీ ఆయుష్షు సరిపోదు. ఇంకో మాట, డాబాకు సున్నం, కిటికీకి నీడ పడ్డాక మీ 144 చదరపు అడుగుల గదికి 1 టన్ను ఏసీ సరిపోయే అవకాశం ఉంది. అందుకే ఇవి ముందు చేయమంటున్నాను. ఇప్పుడు కొంటే 1.5 కొంటారు, అది తర్వాత పెద్దదైపోతుంది.

సోలార్ గురించి కూడా అడిగారు. పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78 వేల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున వస్తాయి, పలకల కింద డాబాకు నీడ కూడా. కానీ అది ఇంటి ఓనర్ పెట్టుకోవాల్సింది. మీరు అద్దెలో ఉన్నారు కాబట్టి వదిలేయండి.

ఓనర్ గారితో సున్నం మాట మాత్రం ఎత్తండి. ఖర్చు నాదే అంటే కాదనేవాళ్ళను పెద్దగా చూడలేదు. డాబా మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళు తెల్లదనం కళ్ళకు కొడుతోందని గొణుగుతారు, అటువైపు ఒక వారగా వదిలేయమని మేస్త్రీకి చెప్పండి.

ఈలోగా ఒక పని చేయండి. రాత్రి ఏసీ వేసేటప్పుడు మీటర్ రీడింగ్ ఫోటో తీయండి, పొద్దున ఆపగానే మరొకటి. ఒక రాత్రి 20లో, ఒక రాత్రి 26లో ఫ్యాన్‌తో, సున్నం వేశాక మరో రాత్రి. బయట ఎండ దాదాపు ఒకేలా ఉన్న రోజులు ఎంచుకోండి. ఆ మూడు అంకెలు, మీ ఏసీ మోడల్ పక్కనున్న స్టిక్కర్ ఫోటో ఇక్కడ పెడితే కొత్తది కొనాలో, ఇంకో రెండేళ్ళు దీంతోనే లాగించవచ్చో చెప్తాను.